రేగడి గుట్టు గోతిలో వుంది

నంద్యాల: కుందూ లోయలో పక్కపక్కనే వున్న రెండు చేలను తీసుకోండి. రెండింటిదీ ఒకే నలుపు. రెండింటిలోనూ అక్టోబరు నడుమ, ఒకే పదునులో, ఒకే రకం శనగ విత్తారు. సంక్రాంతి నాటికి ఒక చేను కాయ నిండి కోతకు సిద్ధమవుతుంది. రెండవది డిసెంబరు నడుమకే, పూత దశలోనే వాడి ఎండుముఖం పడుతుంది. ఎరువు తక్కువైందా అంటే అదీ లేదు. విత్తనం మోసమా అంటే అదీ కాదు. భూసార పరీక్ష కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ అంకెలు దాదాపు ఒకటే.

ఇది ఏ ఒక్క ఊరి ముచ్చటా కాదు. కోయిలకుంట్ల నుంచి ఆళ్ళగడ్డ దాకా, ఆపైన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాకా రేగడి సేద్యం చేసే ప్రతి రైతుకూ ఇలాంటి రెండు చేలు తెలుసు. "ఆ చేను సత్తువ వేరు, ఈ చేను సత్తువ వేరు" అని సరిపెట్టుకోవడం అలవాటు. కాని ఆ సత్తువ అనేది దైవాధీనమేమీ కాదు. దానిని కొలవవచ్చు, లెక్కగట్టవచ్చు, పేరు పెట్టి పటం మీద గీయవచ్చు. అయితే అందుకు పైపైన జానెడు మట్టి తీస్తే చాలదు. నిలువెత్తు గొయ్యి తవ్వాలి. ఆ గోతిలోని మట్టిని ప్రయోగశాలకు పంపాలి. ఆ ఊరి వానల లెక్క తీయాలి. ఆ చేను కొండకు ఎంత దూరాన, వాగుకు ఎంత ఎత్తున వున్నదో చూడాలి. ఈ మూడు సాక్ష్యాలూ కలిసినప్పుడే నేల తన గుట్టు విప్పుతుంది.

ప్రపంచానికి తెలుగు ఇచ్చిన మాట

నల్లరేగడి గురించి లోకమంతా చదివిన పుస్తకాలలో చాలాకాలం పాటు "రెగర్" అనే మాట నడిచింది. అది మన "రేగడ" నుంచి వెళ్ళినదే. తెల్లదొరల కాలంలో భూగర్భ శాస్త్రజ్ఞులు దక్కను నల్లనేలలకు తెలుగువారి పేరునే రాసుకున్నారు. 1960లో అమెరికా నేల శాస్త్రజ్ఞులు ప్రపంచ నేలలన్నిటికీ కొత్త వర్గీకరణ తయారుచేసినప్పుడు ఈ జాతికి "వర్టిసాల్" అని పేరు పెట్టారు. తిరగబడుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. వేసవిలో నెర్రెలు విచ్చి, పైమట్టి ఆ నెర్రెలలోకి రాలి, వానకు ఉబ్బి, తనను తాను దున్నుకునే నేల అని భావం. మన రైతులు తరతరాలుగా ఎరిగిన సంగతే ఆ పేరులో ఇమిడి వుంది.

మన దేశంలో నల్లనేలలు, వాటి సంబంధిత నేలలు కలిపి సుమారు 7 కోట్ల హెక్టార్లకు పైగా వున్నట్లు అంచనా. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో ఇవి ఎక్కువగా అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నల్లరాతి నుంచి పుట్టాయి. అందుకే నల్లనేల అంటే లావా నేల అని పాఠశాలలో పిల్లలు వల్లెవేస్తారు. కాని కుందూ లోయలో ఆ నల్లరాయి లేదు. ఇక్కడి రేగడి సున్నపురాయి నుంచి, పలకరాయి నుంచి పుట్టింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టారు: బనగానపల్లె పొర, అవుకు పొర, పాణ్యం పొర, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి. మన ఇళ్ళలో పరుచుకునే నాపరాయి కూడా ఈ కుటుంబానిదే. కాళ్ళ కింద బండగా వున్నదీ, చేలో బంకగా వున్నదీ ఒకే వంశానికి చెందినవన్న మాట. లావాతో నిమిత్తం లేకుండా రేగడి పుట్టగలదనడానికి నంద్యాల సీమే మంచి రుజువు.

గోతిలో చదివేది ఏమిటి?

నేల సర్వే చేసేవారు ముందుగా మనిషి నిలబడేంత గొయ్యి తవ్విస్తారు. లోతు ఒకటిన్నర మీటరుకు తగ్గకుండా, రాయి తగిలేదాకా తవ్వడం పద్ధతి. ఎండ పడే వైపు గోడను కత్తితో చెక్కి శుభ్రం చేసి పైనుంచి కిందికి చదువుతారు. రంగును ఊహతో చెప్పరు. మున్సెల్ అనే రంగుల పుస్తకంలోని రేకుల పక్కన తడిమట్టిని పెట్టి సరిపోల్చి, ఆ రేకు నంబరు రాసుకుంటారు. ఒక్కొక్క పొర మందం, గడ్డల ఆకారం, వేర్లు ఎంతదాకా దిగాయి, సున్నపు గుళ్ళు ఎక్కడ మొదలయ్యాయి అన్నీ నమోదు చేస్తారు. పలుచని ఆమ్లం చుక్క వేసి మట్టి ఎంత నురుగుతుందో చూస్తారు. నురుగు ఎంత వస్తే సున్నం అంత వున్నట్లు.

రేగడి గోతిలో పైన దుక్కి తగిలిన పొర పొడిపొడిగా వుంటుంది. దాని కింద గడ్డలు గట్టిపడతాయి. అరమీటరు దాటాక అసలైన గుర్తు కనిపిస్తుంది. అక్కడి మట్టిగడ్డను విడదీస్తే లోపలి ముఖాలు నూనె రాసినట్లు నున్నగా మెరుస్తాయి, వాటి మీద సన్నని గీతలుంటాయి. ఇవి జారుడు పలకలు. నెర్రెలలో పడిన మట్టి వానకు ఉబ్బినప్పుడు చోటు చాలక పక్కలకు నెట్టుకుంటుంది. ఆ ఒత్తిడికి నేల ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి జారి రాచుకుంటుంది. ఏళ్ళ తరబడి సాగిన ఆ రాపిడి వేసిన ముద్రలే ఇవి. మీటరు లోపల ఇలాంటి పొర 25 సెంటీమీటర్ల మందాన వుండాలి. పైనుంచి అరమీటరు దాకా ప్రతి పొరలోనూ బంకమట్టి 30 శాతానికి తగ్గకూడదు. నెర్రెలు ఏటేటా విచ్చి మూసుకోవాలి. ఈ మూడూ వుంటేనే ఆ నేలను వర్టిసాల్ అంటారు. నల్లగా వున్నంత మాత్రాన అనరు. రంగు అసలు షరతే కాదు.

ఈ ఒక్క మాటలోనే మొదట చెప్పిన రెండు చేల చిక్కు సగం విడిపోతుంది. పైన ఒకే నలుపు వున్నా ఒక చేలో ఒకటిన్నర మీటరు దాకా మట్టి వుండవచ్చు. పక్కచేలో మూరెడు దిగేసరికి సుద్దో, పలకరాయో తగలవచ్చు. జానెడు మట్టి తీసినవారికి ఆ తేడా కనిపించదు.

ప్రయోగశాల చెప్పే సాక్ష్యం

గోతిలోని ఒక్కొక్క పొర నుంచి మట్టిని వేరువేరు గుడ్డసంచులలో తీసి నీడన ఆరబెడతారు. చెక్క సుత్తితో మెత్తగా కొట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పరీక్షలు మొదలుపెడతారు.

మొదటిది ఇసుక, ఒండ్రు, బంక పాళ్ళు. మట్టిని నీటిలో గిలకొట్టి వదిలితే ఇసుక ముందు అడుగుకు దిగుతుంది, ఒండ్రు ఆ తరువాత, బంక గంటల తరబడి తేలుతూనే వుంటుంది. దిగే వేగాన్ని బట్టి పాళ్ళు తేలుస్తారు. లోతు రేగడిలో బంక సాధారణంగా సగానికి పైనే వుంటుంది.

రెండవది, ఆ బంక ఏ జాతిది అన్నది. ఎర్రనేలలోనూ బంక వుంటుంది, కాని అది ఎక్కువగా నీటిని లోపలికి రానివ్వని జాతి. రేగడిలో వుండేది స్మెక్టైట్ అనే ఖనిజం. పుస్తకం పేజీల వంటి దాని రేకుల మధ్యకు నీరు దూరి రేకులను ఎడం చేస్తుంది. ఎక్స్‌కిరణాలతో చూస్తే ఆ ఎడం కొలతకు అందుతుంది. గ్లైకాల్ అనే ద్రవం పట్టించినప్పుడు ఎడం పెరిగి, బాగా కాల్చినప్పుడు ముడుచుకుపోతే అది స్మెక్టైటే అని తేలుస్తారు. ఈ రేకులే పోషకాలనూ పట్టి వుంచుతాయి. అందుకే రేగడికి పోషకాలు నిలుపుకునే శక్తి ఎర్రనేలకన్న అనేక రెట్లు ఎక్కువ.

మూడవది ఉబ్బు కొలత. ఇది ఇంట్లో కూడా చేసి చూడదగిన తేలిక పరీక్ష. మట్టిని ముద్దగా కలిపి 10 సెంటీమీటర్ల కడ్డీగా చేసి నీడన ఎండబెట్టాలి. ఎండాక 9 సెంటీమీటర్లకు కుదిస్తే, తగ్గిన 1ని మిగిలిన 9తో భాగించాలి. 0.11 వస్తుంది. 0.06 దాటితే ఆ మట్టికి ఉబ్బే గుణం గట్టిగా వున్నట్లే. గోడలు పగిలే ఇళ్ళకూ, గతుకులు తేలే రోడ్లకూ మూలకారణం ఈ అంకెలోనే వుంది. ఇలాంటి నేలలలో పునాదులకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గుండ్రంగా ఉబ్బిన స్తంభాల పద్ధతిని రూపొందించింది.

ఇక పి.హెచ్., లవణాలు, సున్నం, సేంద్రియ కర్బనం పరీక్షలు సరేసరి. ఇక్కడ చాలామందికి ఒక భ్రమ వుంది. నల్లగా వున్నది కాబట్టి రేగడిలో పశువుల ఎరువు వంటి సారం మెండుగా వుంటుందనుకుంటారు. నిజానికి మన రేగడి చేలలో సేంద్రియ కర్బనం తరచు ఒక శాతానికి చాలా తక్కువే. కొద్దిపాటి జీవపదార్థం బంక రేకులకు గట్టిగా అంటిపెట్టుకోవడం వల్ల వచ్చిన నలుపు అది. రంగు చూసి ఎరువు తగ్గించుకుంటే నష్టపోయేది రైతే.

వాన లెక్క, ఎండ లెక్క

ఒకే మట్టి వేరువేరు వానలలో వేరువేరు నేలగా నడుచుకుంటుంది. అందుకే వాతావరణం లెక్క లేకుండా నేలకు పేరు పెట్టరు.

నంద్యాల ప్రాంతంలో ఏడాది సగటు వర్షం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో మూడింట రెండు వంతులు జూన్-సెప్టెంబరు నెలలలోనే పడుతుంది. ఎండకు, గాలికి ఆవిరై పోగల నీరు మాత్రం ఆ వర్షానికి రెండు రెట్లకు పైనే. అంటే ఏడాది మొత్తం మీద ఆకాశానికి నేల బాకీ పడే వుంటుంది. కొద్ది వారాలు మాత్రమే నేలకు మిగులు.

ఆ మిగులును దాచుకునే కొట్టే రేగడి. ఎంత దాచగలదో లెక్క చూద్దాం. లోతు రేగడి ప్రతి 10 సెంటీమీటర్లకు పైరుకు అందే నీరు సుమారుగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు నిలుపుతుంది. 150 సెంటీమీటర్ల లోతున్న చేలో 180 నుంచి 225 మిల్లీమీటర్ల నీరు నిలువ వుంటుంది. 45 సెంటీమీటర్లకే రాయి తగిలే చేలో 54 నుంచి 67 మిల్లీమీటర్లే. శనగ పైరు చలికాలంలో రోజుకు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే, 90-100 రోజులకు 180 నుంచి 250 మిల్లీమీటర్లు కావాలి. లోతు చేను దాదాపుగా పంట గట్టెక్కిస్తుంది. లోతు లేని చేను నెలరోజులు పోషించి చేతులెత్తేస్తుంది. నడుమ ఈశాన్య రుతుపవనాల జల్లు తగిలితే మరికొద్ది రోజులు. లేకపోతే పూతలోనే ఎండు.

ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4 వేల లీటర్లు. రెండు చేల నడుమ తేడా 130 మిల్లీమీటర్లయినా ఎకరాకు 5 లక్షల లీటర్ల పైచిలుకు. ఎరువు బస్తాలు ఎన్ని చల్లినా ఈ తేడాను పూడ్చలేవు.

పెద్దలు ముంగారులో రేగడిని ఖాళీగా వుంచి, గుంటకలు తోలి, హింగారులో ఉత్తర, హస్త, చిత్త కార్తెల పదును చూసి జొన్న, శనగ విత్తడం వెనుక వున్నది ఈ లెక్కే. తొలకరికి రేగడి కాలు పెట్టనివ్వదు. తడిస్తే బంక, ఎండితే రాయి. దున్నడానికి అనువైన పదును రెండు మూడు రోజులకు మించి వుండదు. అందుకే వాన నంతా నేలలో నింపి, తరువాత ఆ నిలువ మీద పైరు పండించారు.

పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అంతర్జాతీయ సంస్థ ఇలాంటి రేగడిలోనే వెడల్పాటి బోదెలు, కాలువలు తీసి ముంగారులోనూ పైరు వేసే పద్ధతిని రూపొందించింది. వర్షం మిగులు నీరు కాలువ వెంట మెల్లగా పోతుంది, బోదె మీద పైరు ఊపిరి పీల్చుకుంటుంది. అయితే ఆ పద్ధతి ఏడాదికి 750 మిల్లీమీటర్లకు పైగా నమ్మకమైన వర్షం వుండే చోట్లకే బాగా నప్పుతుందని ఆ సంస్థ శాస్త్రజ్ఞులే చెప్పారు. నంద్యాల సరిగ్గా ఆ గీత మీద వూగుతుంటుంది. మట్టి అదే అయినా వాన వేరైతే సేద్యం వేరు కావలసిందే అనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

కొండ నుంచి కుందూ దాకా

మూడవ సాక్షి భూమి తీరు. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ దక్షిణంగా పారి పెన్నలో కలిసే కుందూ. ఈ లోయను అడ్డంగా కోసి చూస్తే నేలలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. కొండ పాదాల వద్ద పలుచని రాళ్ళనేలలు, ఎర్రనేలలు. వాలు తగ్గేకొద్దీ లోతులేని నల్లనేలలు. లోయ నడుమ, వాలు ఒకటి రెండు శాతానికి మించని చదునులో, లోతు రేగడి. వేల ఏళ్ళుగా పైనుంచి కొట్టుకువచ్చిన సన్నని బంక, కరిగివచ్చిన కాల్షియం, మెగ్నీషియం పల్లంలో చేరడమే ఇందుకు కారణం. స్మెక్టైట్ ఖనిజం నిలవడానికి అవే కావాలి.

ఈ మెట్ల సంగతి తెలిసినవాడు ప్రతి ఎకరాలో గొయ్యి తవ్వనక్కరలేదు. వాలునూ, ఎత్తునూ పటం మీద గుర్తించి, ఒక్కొక్క మెట్టుకు కొన్ని గోతులు తవ్వి, మిగతా చోట్ల పురుగు సలాకతో పొడిచి సరిచూసుకుంటే చాలు. నేడు ఉపగ్రహాల చిత్రాలు ఈ పనిని ఇంకా తేలిక చేశాయి. 1976లో నాగపూర్ కేంద్రంగా ఏర్పడిన జాతీయ భూసర్వే, భూవినియోగ ప్రణాళికా సంస్థ దేశమంతటికీ నేలల పటాలు తయారుచేసింది ఈ పద్ధతి మీదనే.

పేరులోనే జాతకం

మూడు సాక్ష్యాలూ కూడిన తరువాత శాస్త్రజ్ఞులు నేలకు పెట్టే పేరు చూడటానికి నోరు తిరగని మంత్రంలా వుంటుంది. "వెరీ ఫైన్, స్మెక్టైటిక్, ఐసోహైపర్‌థర్మిక్ టిపిక్ హాప్లుస్టర్ట్". విడదీస్తే జాతకమంతా అందులోనే వుంది. మొదటి మాట, బంక 60 శాతానికి తగ్గదని. రెండవది, ఆ బంక ఉబ్బే జాతిదని. ఈ రెండూ ప్రయోగశాల ఇచ్చినవి. మూడవది, అరమీటరు లోతున నేల వేడి ఏడాది సగటున 22 డిగ్రీలకు తగ్గదని, ఎండాకాలానికీ చలికాలానికీ నడుమ తేడా 6 డిగ్రీల లోపేనని. చివరి మాటలోని "ఉస్ట్" అన్నది నేల ఏడాదిలో 90 రోజులకు పైగా ఎండి వుంటుందనీ, అయినా పైరు కాలానికి తడి దొరుకుతుందనీ చెబుతుంది. ఈ రెండూ వాతావరణం ఇచ్చినవి. "ఎర్ట్" అంటే వర్టిసాల్. అది గోతిలోని జారుడు పలకలు ఇచ్చిన సాక్ష్యం.

దానికి చివర ఒక ఊరి పేరు చేరుస్తారు. పటాన్‌చెరు వద్ద గుర్తించిన లోతు రేగడికి కాసిరెడ్డిపల్లి శ్రేణి అనీ, పక్కనే వున్న ఎర్రనేలకు పటాన్‌చెరు శ్రేణి అనీ పేర్లు. ఆపైన వాలు, లోతు, కోత గుర్తులు వేస్తారు. అలాంటి పేరున్న చేనుకు ఏ పంట, ఎంత నీరు, ఏ జాగ్రత్త అన్నది ప్రపంచంలో అదే పేరున్న మరో చేను అనుభవం నుంచి కూడా నేర్చుకోవచ్చు. పేరు పెట్టడంలోని ప్రయోజనం ఇదే.

చవుడు బారే దారి

లోతు వున్నంత మాత్రాన రేగడికి గండం లేదనుకోరాదు. ఎండ ఎక్కువైన సీమలలో నేలలోని నీరు ఆవిరయ్యేకొద్దీ కాల్షియం సున్నంగా గడ్డకడుతుంది. గోతి అడుగున కనిపించే తెల్లని గుళ్ళు అవే. కాల్షియం అలా పక్కకు తప్పుకుంటే బంక రేకుల మీద సోడియం పెత్తనం పెరుగుతుంది. సోడియం ఎక్కిన బంక విడిపోయి రంధ్రాలను పూడ్చివేస్తుంది. పైన నీరు నిలిచివున్నా కిందికి దిగదు.

1954 నాటి అమెరికా ప్రమాణం ప్రకారం బంక పట్టివుంచిన మొత్తంలో సోడియం 15 శాతం దాటితేనే నేలను చవుడు అనేవారు. కాని నాగపూర్ సంస్థ శాస్త్రజ్ఞులు మన దేశపు రేగడులను పరీక్షించి, 5 శాతం దగ్గరే నీరు దిగడం మందగిస్తుందని చూపారు. పైగా ఈ జబ్బు ముందు కింది పొరలలో మొదలై మెల్లగా పైకి వస్తుంది. పైమట్టి పరీక్ష బాగుందని నిశ్చింతగా వున్న రైతుకు అడుగున జరుగుతున్నది తెలియదు.

కాలువ నీరు వచ్చిన లోతట్టు చేలలో ఈ ప్రమాదం రెట్టింపు. 19వ శతాబ్దంలో తవ్విన కర్నూలు-కడప కాలువ ఈ లోయకు అన్నం పెట్టిన మాట నిజం. అయితే నీరు పారించడం ఎంత ముఖ్యమో, మిగులు నీరు పోయే మురుగు కాలువ అంత ముఖ్యం. అది పూడితే ఊటనీరు పైకెక్కి, ఎండకు ఆవిరై, ఉప్పును పైన వదులుతుంది. సోడా ఎక్కువున్న బోరునీరు పెట్టినా ఫలితం అదే. జిప్సం వేస్తే అందులోని కాల్షియం సోడియంను తొలగిస్తుంది. కాని తొలగిన సోడియం కొట్టుకుపోవడానికి దారి లేకపోతే వేసిన జిప్సం వృథా. ఎంత వేయాలన్నది కూడా ఊళ్ళో మాట విని కాక, కింది పొరల పరీక్ష చూసి నిర్ణయించవలసినది.

కార్డులో లేని గడులు

2015లో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం ప్రారంభించింది. అందులో 12 అంశాలు వుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, అయిదు సూక్ష్మపోషకాలు, పి.హెచ్., లవణాలు, సేంద్రియ కర్బనం. ఎరువుల లెక్కకు అవి అవసరమే. వాటిని కాదనడానికి లేదు. కాని మట్టి తీసేది పైన 15-20 సెంటీమీటర్ల లోతు నుంచి. వర్షాధారపు భూములలో 10 హెక్టార్లకు ఒక నమూనా. నేల లోతు, బంక జాతి, నీరు నిలిపే శక్తి, కింది పొరల సోడియం, వాలు — ఈ గడులు కార్డులో లేవు. రేగడి రైతు పంటను నిలబెట్టేవీ, పడగొట్టేవీ మాత్రం అవే.

ఈ తేడా కాగితం మీదిది కాదు, డబ్బుతో కూడినది. కౌలుకు తీసుకునేవాడు నలుపు చూసి ధర పెడతాడు. మూరెడు లోతు చేనుకు నిలువెత్తు చేను కౌలు కట్టి, పూతలో పైరు ఎండగా అప్పు మిగుల్చుకుంటాడు. లోతు ముందే తెలిస్తే ఆ చేలో శనగకు బదులు కొర్ర వంటి తక్కువ కాలపు పైరు ముంగారులోనే వేసుకునేవాడు. లేదా కౌలు తగ్గించమని అడగడానికి అతని చేతిలో ఒక ఆధారం వుండేది.

రైతు చేయదగినది

ఇందులో కొంత పని రైతు చేతిలోనే వుంది. వేసవిలో నెర్రెలలోకి సన్నని ఇనుప చువ్వ దించి చూస్తే లోతు కొంత తెలుస్తుంది. పొలంలో ఎత్తున ఒకటి, నడుమ ఒకటి, పల్లాన ఒకటి చొప్పున గోతులు తీయించి సుద్ద, రాయి ఎక్కడ తగిలాయో గుర్తు పెట్టుకోవాలి. ఒకే తీరు నేల వున్న నలుగురైదుగురు రైతులు కలిసి ఒక గొయ్యి తీయించుకున్నా సరిపోతుంది. పరీక్షకు పంపేటప్పుడు పైమట్టితో పాటు రెండడుగుల, మూడడుగుల లోతు మట్టిని వేరువేరు సంచులలో పెట్టి, లోతు రాసిన చీటీ జతచేయాలి. సోడియం చూడమని ప్రత్యేకంగా అడగాలి. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు నిలుపుకోవడం మానరాదు. రేగడి వందల ఏళ్ళకు కూడబెట్టిన లోతును ఒక్క గట్టివాన కొట్టుకుపోగలదు.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచీ వుంది. నరసింహ పత్తి, యంత్రంతో కోయదగిన ఎన్‌బిఇజి 47 శనగ వంటి రకాలు ఇక్కడివే. విత్తనం మీద ఇంత శ్రద్ధ పెట్టిన సీమలో ఆ విత్తనం పడే నేల మీద కూడా అంతే శ్రద్ధ కావాలి. 2022లో నంద్యాల జిల్లాగా ఏర్పడింది. గ్రామగ్రామానికీ నేల లోతు, నీటి నిలువ, కింది పొరల సోడియం చూపే పటం ఒకటి పంచాయతీ గోడ మీద వుంటే, విత్తే రైతుకూ, కౌలు మాట్లాడుకునేవారికీ, బోరు వేసేవారికీ, ఇల్లు కట్టేవారికీ కూడా అక్కరకు వస్తుంది.

ప్రపంచపు నేల శాస్త్రానికి ఒక మాటను అరువిచ్చిన సీమ ఇది. ఆ మాటకు అర్థం మాత్రం ఇంకా మన చేలలోనే, మనిషి లోతున పూడి వుంది. హింగారు విత్తనానికి ముందు ఒక్కరోజు కూలి ఖర్చు పెట్టి దానిని తవ్వి చూసుకోవడం ఏ రైతుకూ దండుగ కాదు.